సర్వర్ నడుస్తూనే ఉంది, మరి పేజీ ఎందుకు తెరుచుకోవడం లేదు?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాల. గ్రంథాలయం బాధ్యత నేను చూస్తాను. ఒక పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, అపాచీ అనే వెబ్ సర్వర్ మీద కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ కేటలాగ్ నడుపుతున్నాం. దాని ఐపీ అడ్రస్ 192.168.1.50 అని ఆ కంప్యూటర్‌లోనే మేము పెట్టుకున్నాం. పఠన మందిరంలోని ఆరు విండోస్ కంప్యూటర్లలో ఆ అడ్రస్ కొట్టి పుస్తకాలు వెతుకుతారు. ఉదయం పూట ఏ ఇబ్బందీ ఉండదు. పదకొండు దాటాక పేజీ రావడం ఆగిపోతుంది. ఒక్కోసారి కనెక్షన్‌ను నిరాకరించినట్టు వెంటనే కనిపిస్తుంది, ఒక్కోసారి చాలాసేపు తిరిగి తిరిగి సమయం మించిపోయిందని వస్తుంది. రెండు కంప్యూటర్లలో పేజీ వస్తున్నప్పుడే మిగతా నాలుగింటిలో రాదు. సర్వర్ ముందు కూర్చుని తెరిస్తే మాత్రం చక్కగా వస్తుంది. రీస్టార్ట్ చేస్తే బాగుపడి, కొంతసేపటికి మళ్ళీ మొదలవుతుంది. కేబుల్ మార్చి చూశాం. నెట్‌వర్క్ కార్డు కొత్తది కొనమని ఒకరు, అపాచీ తీసేసి మళ్ళీ వేయమని ఇంకొకరు చెబుతున్నారు. వేసవి సెలవుల తరువాత విద్యార్థుల వై-ఫై కోసం ఇంకో రౌటర్‌ను, ఈ కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్‌కే తగిలించాం. సర్వర్‌కు యూపీఎస్ ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: కార్డు కొనకండి, అపాచీ జోలికి అసలే వెళ్ళకండి. మీ నెట్‌వర్క్‌లో 192.168.1.50 అనే అడ్రస్‌ను మీ సర్వర్‌తో పాటు మరో పరికరం కూడా వాడుతున్నదని నా బలమైన అనుమానం. మీరు గమనించి రాసిన వివరాలే ఆ వైపు చూపిస్తున్నాయి కనుక, ముందుగా వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం. ఆ తరువాత ఆ అనుమానాన్ని నిజమో కాదో తేల్చుకునే పద్ధతి చెబుతాను. ఎందుకంటే అనుమానం ఎంత బలమైనదైనా పరీక్షించకుండా రౌటర్ సెట్టింగులు మార్చడం మంచిది కాదు.

సర్వర్ ముందు కూర్చుని తెరిస్తే పేజీ వస్తున్నది అన్నారు. దీని వల్ల అపాచీ, దాని వెనుక ఉన్న డేటాబేస్, కోహా మూడూ ఆ సమయంలో సక్రమంగా పనిచేస్తున్నాయని తెలుస్తుంది. అంతకు మించి ఏమీ తెలియదు. చాలామంది ఇక్కడే పొరపడతారు. సర్వర్ మీద మీరు 127.0.0.1 (ఏ కంప్యూటరైనా తనను తానే పిలుచుకునే అడ్రస్) అని కొట్టినా, 192.168.1.50 అని కొట్టినా, ఆ అభ్యర్థన కంప్యూటర్ లోపలే తిరిగి లోపలే సమాధానం పొందుతుంది తప్ప నెట్‌వర్క్ కార్డు దాటి కేబుల్‌లోకి దిగదు. కాబట్టి కేబుల్ ఊడిపోయి ఉన్నా 127.0.0.1తో ఆ పేజీ అలాగే వస్తుంది. ఈ పరీక్ష నెట్‌వర్క్ గురించి మంచీ చెప్పదు, చెడూ చెప్పదు. అయితే అపాచీని తీసేసి మళ్ళీ వేయమన్న సలహాకు ఆధారం లేదని మాత్రం ఖచ్చితంగా చెబుతుంది. పైగా కోహా ఉన్న యంత్రంలో అపాచీని ఊడబెరికితే దాని ఆకృతీకరణ ఫైళ్ళు చెదిరి, ఇప్పుడు లేని సమస్యలు కొత్తగా పుట్టుకొస్తాయి.

ఇక ఆ రెండు సందేశాల సంగతి. ఇవి రెండూ ఒకే లోపానికి రెండు పేర్లు కావు. సమయం మించిపోయింది అంటే మీ కంప్యూటర్ పలకరించింది, అవతలి నుండి ఏ జవాబూ రాలేదు. కనెక్షన్‌ను నిరాకరించారు అంటే అవతల ఒక యంత్రం ఆ పలకరింపును అందుకుని, ఈ పోర్ట్‌లో (కంప్యూటర్‌లో ఒక్కో సేవకు ఉండే, సంఖ్యతో పిలిచే ద్వారం) వినేవాళ్ళెవరూ లేరని స్పష్టంగా జవాబు పంపింది. అంటే రెండవది మౌనం కాదు, సమాధానం. మీ సర్వర్‌లో అపాచీ నడుస్తూనే ఉందని మనం ఇప్పుడే నిర్ధారించుకున్నాం. నడుస్తున్న అపాచీ ఉన్న యంత్రం, వెబ్ పేజీల కోసం వాడే 80వ పోర్ట్‌లో ఎవరూ లేరని చెప్పదు. సర్వర్‌లోని ఫైర్‌వాల్‌ను, అంటే బయటి నుండి వచ్చే కనెక్షన్లను వడపోసే ఏర్పాటును, ప్రత్యేకంగా అలా జవాబివ్వమని అమర్చి ఉంటే చెప్పవచ్చు కానీ, అప్పుడది ఉదయం కూడా చెప్పి ఉండేది. మరి ఆ జవాబు ఎవరు పంపుతున్నారు? వెబ్ సర్వర్ లేని మరో పరికరం, బహుశా ఒక విద్యార్థి ఫోను, ఆ అడ్రస్ నాదేనంటూ జవాబిస్తున్నది. అదే అడ్రస్ ఒక విండోస్ ల్యాప్‌టాప్‌కు దక్కిన రోజున దాని ఫైర్‌వాల్ పలకరింపును జవాబివ్వకుండా పారేస్తుంది కనుక మీకు సమయం మించిపోయిందన్న సందేశం కనిపిస్తుంది. సందేశాలు రోజుకొక రకంగా మారడం మిమ్మల్ని తికమక పెట్టి ఉంటుంది. నా దృష్టిలో మీ లేఖలోని విలువైన సాక్ష్యం అదే.

ఆరింటిలో రెండు పనిచేసి నాలుగు పనిచేయకపోవడానికి కారణం తెలియాలంటే, ఒక కంప్యూటర్ మరొకదానిని స్థానిక నెట్‌వర్క్‌లో ఎలా కనుక్కుంటుందో కాస్త చెప్పాలి. ఐపీ అడ్రస్ అనేది మనం పెట్టేది, మార్చదగినది. కేబుల్‌లో నిజంగా పనికొచ్చేది నెట్‌వర్క్ కార్డుకు ఉండే మ్యాక్ అడ్రస్, అంటే పన్నెండు అక్షరాలు లేదా అంకెలు ఆరు జతలుగా రాసే గుర్తు. పఠన మందిరంలోని కంప్యూటర్ 192.168.1.50కు ఏదైనా పంపాలనుకున్నప్పుడు, ఆ అడ్రస్ ఎవరిదని నెట్‌వర్క్‌లోని అందరినీ ఒకేసారి అడుగుతుంది. నాది అన్నవారి మ్యాక్ అడ్రస్‌ను తన పట్టికలో రాసుకుని, కొంతసేపటి వరకు మళ్ళీ అడగకుండా అక్కడికే పంపుతూ ఉంటుంది. దీనిని ఏఆర్‌పీ అంటారు. 1982లో ప్రకటించిన ఆర్‌ఎఫ్‌సీ 826 అనే ఇంటర్‌నెట్ సాంకేతిక పత్రంలో దీని నియమాలున్నాయి. ఇందులో జవాబిచ్చినవారు నిజం చెబుతున్నారా అని తనిఖీ చేసే ఏర్పాటు ఏదీ లేదు. ఒకే వీధిలో రెండు ఇళ్ళకు ఒకే డోర్ నంబర్ ఉంటే పోస్ట్‌మ్యాన్ తనకు ముందు ఎవరు పలికితే వారి చేతిలో ఉత్తరం పెట్టి వెళ్ళినట్టు, ప్రతి కంప్యూటరూ తాను అడిగినప్పుడు ఎవరి జవాబును నమోదు చేసుకుంటే వారి దగ్గరికే పోతుంది. పట్టిక దేనికది విడిగా ఉంటుంది కనుక, రెండు కంప్యూటర్ల పట్టికలో మీ సర్వర్ మ్యాక్ అడ్రస్, నాలుగింటి పట్టికలో ఫోనుది ఉండిపోవడం ఈ లోపానికి సహజ లక్షణం. అపాచీ లోపమైతే ఆరింటికీ పోవాలి. సర్వర్ కేబుల్ లేదా కార్డు లోపమైనా అంతే.

రీస్టార్ట్ వల్ల బాగుపడటం కూడా ఇందులోకి సరిగ్గా ఇముడుతుంది. సర్వర్ మళ్ళీ లేచాక తాను కూడా రౌటర్‌ను, ఇతర కంప్యూటర్లను వెతుక్కుంటూ అందరికీ వినబడేలా ప్రశ్నలు పంపుతుంది, తరచుగా తన రాకను ప్రకటిస్తుంది కూడా. ఆ ప్రశ్నల్లో తన ఐపీ అడ్రస్, మ్యాక్ అడ్రస్ రెండూ ఉంటాయి. వాటిని విన్న కంప్యూటర్లు తమ పట్టికలో 192.168.1.50 పక్కన ఉన్న పాత నమోదును చెరిపి కొత్తది రాసుకుంటాయి. కొంతసేపటికి ఆ నమోదు పాతబడి మళ్ళీ అడగాల్సి వచ్చినప్పుడు ఫోను జవాబు నెగ్గితే కథ మొదటికొస్తుంది. అంటే మీ రీస్టార్ట్ సర్వర్‌లో దేనినీ బాగు చేయడం లేదు, ఇతరుల పట్టికలను తాత్కాలికంగా సరిచేస్తున్నది. అంతకంటే నష్టమేమిటంటే, లోపం ఉన్న క్షణంలో మాత్రమే దొరికే సాక్ష్యాన్ని కూడా చెరిపేస్తున్నది.

ఆ అడ్రస్ ఇంకొకరికి ఎలా దక్కిందంటే, రౌటర్‌లో ఉండే డీహెచ్‌సీపీ ద్వారా. కొత్తగా వచ్చిన ప్రతి ఫోనుకూ రౌటర్ తన దగ్గరున్న శ్రేణి నుండి ఒక అడ్రస్‌ను నిర్ణీత కాలానికి ఇస్తుంది. మీరు సర్వర్‌లో 192.168.1.50 అని స్వయంగా పెట్టుకున్నప్పుడు ఆ విషయం రౌటర్‌కు తెలియదు, తెలిపే ఏర్పాటు కూడా లేదు. రౌటర్ శ్రేణి 2 నుండి 254 వరకు ఉంటే 50 కూడా పంచిపెట్టవలసిన అడ్రస్‌లలో ఒకటి మాత్రమే. ఉదయం ఫోన్లు తక్కువగా ఉన్నప్పుడు పంపిణీ 50 దాకా రాదు. పదకొండు తరువాత విద్యార్థుల రద్దీ పెరిగేసరికి వస్తుంది. డీహెచ్‌సీపీ నియమాలను చెప్పే ఆర్‌ఎఫ్‌సీ 2131, ఇచ్చే ముందు రౌటరూ తీసుకునే ముందు ఫోనూ ఆ అడ్రస్ ఇప్పటికే వాడుకలో ఉందేమో చూసుకోవడం మంచిదని చెబుతుంది గానీ, తప్పనిసరి చేయదు. చవక పరికరాలు మంచిదన్న మాటను పట్టించుకోకపోవడం మనకు తెలిసినదే.

మీరు తగిలించిన రెండో రౌటర్ ఈ సమస్యను ఇంకా ముదిరేలా చేస్తుంది. దానిని స్విచ్‌కు లాన్ పోర్ట్ (రౌటర్ వెనుక స్థానిక నెట్‌వర్క్ కేబుల్ పెట్టే చోటు) ద్వారా కలిపి, దాని డీహెచ్‌సీపీని ఆపకుండా వదిలేసి ఉంటే, ఇప్పుడు మీ నెట్‌వర్క్‌లో అడ్రస్‌లు పంచేవారు ఇద్దరు. ఒకరు ఎవరికి ఏమిచ్చారో రెండో వారికి తెలియదు. సర్వర్ అడ్రస్‌తోనే కాదు, ఏ రెండు ఫోన్ల మధ్యనైనా ఇదే ఘర్షణ జరగవచ్చు. రెండు రౌటర్లూ పెట్టె నుండి తీసినట్టే ఉంటే రెండింటి అడ్రస్సూ 192.168.1.1 అయ్యే అవకాశం ఉంది. అప్పుడు పఠన మందిరంలో ఇంటర్‌నెట్ కూడా వస్తూ పోతూ ఉంటుంది. మీ లేఖలో ఇంటర్‌నెట్ ప్రస్తావన లేదు కనుక ఆ సంగతి మీరే గమనించుకోవాలి.

ఇప్పుడు పరీక్ష. ముందుగా, అంతా బాగున్న ఉదయం వేళ, సర్వర్ మ్యాక్ అడ్రస్‌ను కాగితం మీద రాసి దాని డబ్బా మీదే అంటించండి. ఉబుంటు టెర్మినల్‌లో ఐపీ అని రాసి, ఖాళీ వదిలి, లింక్ అని (ip link) కొడితే కార్డు వివరాల కింద ఈథర్ అనే మాట పక్కన ఆ ఆరు జతలు కనిపిస్తాయి. తరువాత లోపం వచ్చే వరకు ఆగండి. వచ్చినప్పుడు ఎవరు ఎంత తొందరపెట్టినా సర్వర్‌ను రీస్టార్ట్ చేయవద్దు. పేజీ రాని కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి, మరోసారి పేజీ తెరవడానికి ప్రయత్నించి, వెంటనే కమాండ్ ప్రాంప్ట్‌లో ఏఆర్‌పీ అనే ఆదేశాన్ని చిన్న ఎ అక్షరం ఉన్న ఐచ్ఛికంతో (arp -a) నడపండి. అందులో 192.168.1.50 ఎదురుగా ఉన్న మ్యాక్ అడ్రస్‌ను మీ కాగితంతో పోల్చండి. వేరుగా ఉంటే విషయం తేలిపోయింది. పేజీ వస్తున్న కంప్యూటర్‌లో కూడా అదే చూసి, అక్కడ కాగితంలోని అడ్రస్సే ఉందని నిర్ధారించుకుంటే ఇక సందేహానికి తావు ఉండదు. సాధారణంగా మ్యాక్ అడ్రస్‌లోని మొదటి మూడు జతలను బట్టి పరికరం తయారీదారు ఎవరో చెప్పవచ్చు కానీ, ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుండి ఫోన్లు వై-ఫైలో కల్పిత మ్యాక్ అడ్రస్‌ను వాడుతున్నాయి. మీకు దొరికిన అడ్రస్‌లో రెండవ అక్షరం 2, 6, ఎ, ఇ లలో ఏదైనా అయితే అది అలాంటి కల్పిత అడ్రస్. బహుశా అది ఫోనే. ఆ ఫోను ఎవరిదని వెతుకుతూ విద్యార్థులను వరుసలో నిలబెట్టాల్సిన పని లేదు. రేపు అదే అడ్రస్ ఇంకొకరికి దక్కుతుంది.

ఇంకా సూటి పరీక్ష ఒకటి ఉంది. లోపం ఉన్న సమయంలోనే సర్వర్ వెనుక నుండి నెట్‌వర్క్ కేబుల్‌ను ఊడదీయండి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, అదే ఏఆర్‌పీ ఆదేశంతో, ఈసారి డి అక్షరం ఉన్న ఐచ్ఛికంతో (arp -d 192.168.1.50) ఆ పట్టికలోని పాత నమోదును చెరిపి, 192.168.1.50కు పింగ్ (అవతలి యంత్రం పలుకుతుందో లేదో చూసే ఆదేశం) కొట్టండి. కేబుల్ లేని సర్వర్ జవాబివ్వలేదు. అయినా జవాబు వస్తే అది మరొకరిది. జవాబు రాకపోయినా అంతటితో నమ్మకం పెట్టుకోవద్దు. ఫైర్‌వాల్ ఉన్న ల్యాప్‌టాప్ పింగ్‌కు పలకకపోవచ్చు. అందుకే పింగ్ తరువాత పట్టికను మళ్ళీ చూడండి. పింగ్‌కు పలకని యంత్రం కూడా ఏఆర్‌పీ ప్రశ్నకు జవాబివ్వక తప్పదు, లేకపోతే అది నెట్‌వర్క్‌లో ఉండనే ఉండలేదు. సర్వర్ కేబుల్ ఊడి ఉండగా ఆ అడ్రస్ ఎదురుగా ఏ మ్యాక్ అడ్రస్ కనిపించినా అది మీ సర్వర్‌ది కాదు.

పరీక్ష అనుమానాన్ని నిజం చేస్తే మార్పులు రెండు రౌటర్లలోనే చేయాలి, సర్వర్‌లో దాదాపు ఏమీ లేదు. రెండో రౌటర్‌ను తాత్కాలికంగా స్విచ్ నుండి తీసి, ఒక ల్యాప్‌టాప్‌కు నేరుగా కలిపి, దాని సెట్టింగుల్లోకి వెళ్ళండి. యాక్సెస్ పాయింట్ విధానం (రౌటర్ పని మానేసి వై-ఫై మాత్రమే అందించేది) ఉంటే దానిని ఎంచుకుంటే చాలు. లేకపోతే దాని సొంత అడ్రస్‌ను 192.168.1.2గా మార్చి, డీహెచ్‌సీపీని ఆపి, వాన్ పోర్ట్‌ను, అంటే ఇంటర్‌నెట్ కేబుల్ పెట్టే చోటును, ఖాళీగా వదిలి, లాన్ పోర్ట్‌లలో ఒకదాని నుండి స్విచ్‌కు కలపండి. ఈ క్రమం ముఖ్యం. డీహెచ్‌సీపీ ఆపిన తరువాత ఆ రౌటర్ మీ ల్యాప్‌టాప్‌కు అడ్రస్ ఇవ్వదు కనుక, అడ్రస్ మార్చే పని ముందే పూర్తి చేసుకోవాలి. ఇక ప్రధాన రౌటర్‌లో డీహెచ్‌సీపీ శ్రేణిని 192.168.1.100 నుండి 250 వరకు కుదించండి. అప్పుడు 50 ఆ శ్రేణికి బయట ఉంటుంది, ఎవరికీ దక్కదు. అప్పటికే 50 తీసుకున్న ఫోను తన గడువు ముగిసేదాకా దానిని వదలకపోవచ్చు కనుక, మార్పు పూర్తయ్యాక రెండు రౌటర్లనూ ఒకసారి ఆపి మళ్ళీ వేయండి. ఫోన్లు తిరిగి కలుస్తూ అడ్రస్ కోసం కొత్తగా అడుగుతాయి.

శ్రేణిని కుదించకుండా, సర్వర్ మ్యాక్ అడ్రస్‌కు 50ని రౌటర్‌లోనే కేటాయించి ఉంచే పద్ధతి కూడా ఉంది. ఇంట్లో ప్రింటర్ వంటి వాటికి నేను దానినే సూచిస్తాను. కానీ మీ సర్వర్ విషయంలో శ్రేణి బయట స్థిరమైన అడ్రస్ పెట్టడమే మేలు. ఎవరో రౌటర్‌ను ఫ్యాక్టరీ సెట్టింగులకు తీసుకెళ్ళినా, కాలిపోయి కొత్తది తెచ్చినా ఆ కేటాయింపు పోతుంది. సర్వర్ ఏ అడ్రస్‌కో పోయి కూర్చుంటుంది. స్థిరమైన అడ్రస్ ఉన్న సర్వర్, రౌటర్ పనిచేయకపోయినా స్విచ్ నడుస్తూ, పఠన మందిరం కంప్యూటర్లకు అడ్రస్‌లు ఉన్నంతవరకు వాటికి కేటలాగ్‌ను చూపిస్తూనే ఉంటుంది. అయితే కొత్త రౌటర్ వచ్చిన రోజున దాని శ్రేణిని మళ్ళీ 100 నుండి మొదలయ్యేలా పెట్టాలన్న సంగతిని కూడా ఆ కాగితం మీదే రాయండి.

విద్యార్థుల ఫోన్లు, గ్రంథాలయ సర్వర్ ఒకే నెట్‌వర్క్‌లో ఉండటం నాకు నచ్చని ఏర్పాటు. 255.255.255.0 మాస్క్ (నెట్‌వర్క్ ఎంత పెద్దదో నిర్ణయించే సంఖ్య) ఉన్న నెట్‌వర్క్‌లో మొత్తం 254 అడ్రస్‌లే పనికొస్తాయి. పై లెక్క ప్రకారం ఫోన్లకు మిగిలేవి 151. రౌటర్ గడువు ఇరవై నాలుగు గంటలైతే, ఉదయం వచ్చి పది నిమిషాలుండి వెళ్ళిన ఫోను కూడా మర్నాటిదాకా తన అడ్రస్‌ను పట్టుకుని ఉంటుంది. అవి అయిపోయాక వచ్చిన ఫోనుకో ల్యాప్‌టాప్‌కో అడ్రస్ దొరకక, 169.254తో మొదలయ్యే అడ్రస్‌ను తనకు తానే పెట్టుకుని ఎటూ వెళ్ళలేక కూర్చుంటుంది. పఠన మందిరం కంప్యూటర్లు కూడా డీహెచ్‌సీపీ మీదే ఆధారపడి ఉంటే ఈ దెబ్బ వాటికీ తగులుతుంది. గడువును రెండు గంటలకు తగ్గించండి. ప్రధాన రౌటర్‌లో అతిథుల కోసం వేరే వై-ఫై ఇచ్చే సౌకర్యం ఉంటే విద్యార్థులను దానిలోకి మార్చండి. సాధారణంగా అది స్థానిక కంప్యూటర్లను చేరనివ్వదు కనుక ఫోనులో కేటలాగ్ చూడటం కుదరదు, ఆ సంగతి ముందే నిర్ణయించుకోండి.

యూపీఎస్ గురించి ఒక మాట. సర్వర్‌కు ఉంది అన్నారు, స్విచ్‌కూ రౌటర్లకూ ఉందో లేదో రాయలేదు. కరెంటు పోయి వచ్చినప్పుడు సర్వర్ నడుస్తూనే ఉండి, రౌటర్ మాత్రం ఆగి మళ్ళీ మొదలైతే, అంతకుముందు ఎవరికి ఏ అడ్రస్ ఇచ్చిందో చాలా చవక రౌటర్లు మరిచిపోతాయి. అవి మళ్ళీ మొదటి నుండి పంచడం మొదలుపెడితే, పాత అడ్రస్‌ను ఇంకా వాడుతున్న పరికరాలతో ఘర్షణ వస్తుంది. స్విచ్, రౌటర్ రెండూ కలిపి తీసుకునే కరెంటు చాలా తక్కువ. వాటి ప్లగ్గులను కూడా అదే యూపీఎస్‌కు మార్చండి.

ఇక పరీక్షలో రెండు కంప్యూటర్లలోనూ సర్వర్‌దే అయిన మ్యాక్ అడ్రస్ కనిపించిందనుకుందాం. అప్పుడు నా అనుమానం తప్పు, వేరే దారిలో వెతకాలి. సర్వర్‌కు కేబుల్‌తో పాటు వై-ఫై కూడా ఉండి, రెండూ అదే నెట్‌వర్క్‌కు కలిసి ఉన్నాయేమో ముందు చూడండి. ఉబుంటు ఒక కార్డు అడ్రస్ గురించి వచ్చిన ప్రశ్నకు రెండో కార్డు నుండి కూడా జవాబివ్వగలదు. అలా ఉంటే పట్టికలో మీ సర్వర్ వై-ఫై మ్యాక్ అడ్రస్ కనిపిస్తుంది, చూసినవారు మరో పరికరమని భ్రమపడతారు. అందుకే కాగితం మీద రెండు కార్డుల అడ్రస్‌లూ రాసుకుని, సర్వర్‌లో వై-ఫైని పూర్తిగా ఆపేయండి. తరువాత, ఎవరూ ముట్టుకోనప్పుడు ఆ డెస్క్‌టాప్ నిద్రలోకి జారుకునే ఏర్పాటు ఉందేమో పవర్ సెట్టింగుల్లో చూసి ఆపేయండి. డెస్క్‌టాప్ కోసం చేసిన ఉబుంటును సర్వర్‌గా వాడే చోట ఇది తరచు కనిపించే లోపమే. అయితే నిద్రపోయిన సర్వర్ ఆరు కంప్యూటర్లకూ ఒకేసారి దూరమవుతుంది కనుక మీ లక్షణాలకు అంతగా సరిపోదు.

కేబుల్, కార్డుల విషయం సర్వర్ కెర్నల్ లాగ్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం రాసుకునే దినచర్య, చెబుతుంది. జర్నల్‌సీటీఎల్ ఆదేశానికి చిన్న కె ఐచ్ఛికం కలిపి (journalctl -k) నడిపితే, నెట్‌వర్క్ లింక్ ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది, ఎంత వేగంతో వచ్చింది అన్నవి సమయంతో సహా ఉంటాయి. రీస్టార్ట్ చేసి ఉంటే అంతకుముందు బూట్ లాగ్‌ను అడగాలి. లోపం వచ్చిన సమయానికి లింక్ పోయినట్టు అక్కడ ఒక్క వాక్యం కూడా లేకపోతే కార్డును నిందించడానికి ఆధారం లేదు. పోయినట్టు ఉండి, మళ్ళీ వచ్చినప్పుడు వేగం ఒకసారి సెకనుకు 1000 మెగాబిట్లు, ఒకసారి 100 ఉంటే, కేబుల్‌లో ఒక జత తీగల కొన సరిగ్గా పట్టలేదని అర్థం. 100 వేగానికి నాలుగు జతల్లో రెండు చాలు, 1000కి నాలుగూ కావాలి. మీరు కేబుల్ మార్చామన్నారు గానీ, గోడలో నుండి పోయే కేబుల్‌ను మార్చారా లేక సర్వర్ నుండి గోడ దాకా ఉన్న చిన్నదాన్ని మాత్రమేనా అన్నది కూడా చూసుకోండి. స్విచ్‌లో పోర్ట్ మార్చి చూడటం అంతకంటే తేలిక.

ఇంకా తేలకపోతే చివరి ఆయుధం, నెట్‌వర్క్ కార్డు ద్వారా వచ్చిపోయే ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్. లోపం ఉన్నప్పుడు సర్వర్ మీద దానిని నడుపుతూ, 80వ పోర్ట్‌కు వచ్చేవాటిని, అక్కడి నుండి పోయేవాటిని మాత్రమే చూపించమని చెప్పి, పేజీ రాని కంప్యూటర్ నుండి మళ్ళీ తెరవండి. ఆ కంప్యూటర్ పంపిన పలకరింపు ప్యాకెట్ సర్వర్‌లో కనిపించకపోతే లోపం సర్వర్ బయట ఉంది. కనిపించి, సర్వర్ నుండి జవాబు బయలుదేరకపోతే సర్వర్ ఫైర్‌వాల్‌ను చూడాలి. జవాబు బయలుదేరి, పేజీ మాత్రం రాకపోతే అపాచీ ఎర్రర్ లాగ్ చదవాలి. పాత డెస్క్‌టాప్‌లో మెమరీ చాలక కెర్నల్ ఏదో ఒక ప్రక్రియను చంపేసిన సంగతి కూడా పైన చెప్పిన కెర్నల్ లాగ్‌లోనే దొరుకుతుంది.

రౌటర్ల మార్పు చేసిన తరువాత కూడా లోపం కొనసాగితే, పేజీ రాని సమయంలో ఒక పనిచేసే కంప్యూటర్‌లోనూ, ఒక పనిచేయని కంప్యూటర్‌లోనూ తీసిన ఏఆర్‌పీ పట్టికలను, ఆ గంటకు సంబంధించిన కెర్నల్ లాగ్‌ను, రెండు రౌటర్ల డీహెచ్‌సీపీ సెట్టింగులను నాకు పంపండి. పంపేటప్పుడు సర్వర్ గడియారం సరైన సమయం చూపిస్తున్నదో లేదో కూడా చూడండి. పాత మదర్‌బోర్డుల్లో గడియారాన్ని నడిపే సీఎంఓఎస్ బ్యాటరీ అయిపోయి గడియారం వెనక్కిపోతే, లాగ్‌లోని సమయానికీ మీరు రాసుకున్న సమయానికీ పొంతన కుదరదు.